రెండో ఎర బకెట్

మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి గోర్డన్ స్ట్రిబ్లీ, గడ్డకట్టిన టామరాక్ సరస్సు మీద, మంచుకి కన్నం చేసి చేపలు పట్టే తన చిన్న గుడిసెలో స్పృహ లేకుండా దొరికాడు. లోపల హీటరు మండుతుండగా ఎవరో బయటినుంచి దాని పొగగొట్టంలో మంచు కూరారు. రాత్రి ఏదో ఒక వేళ సిలిండరులో గ్యాస్ అయిపోయి హీటరు ఆరింది. అందుకే విషవాయువుకి చావలేదు. ఒంటి మీద రెండు కోట్లున్నాయి. అందుకే చలికీ చావలేదు.

స్ట్రిబ్లీ లాబీయిస్టు. ఇసుక గనుల సంఘం తరఫున శాసనసభ్యులను కలిసి, సంఘానికి కావలసిన బిల్లులు నెగ్గేలా, అక్కర్లేనివి ఓడిపోయేలా చూడటం అతని పని.

బుధవారం ఉదయం పది గంటలకు అతను ఇంకా కళ్లు తెరవలేదు. అతని దగ్గర పనిచేసే కొలీన్ రాష్ కౌంటీ జైల్లో ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆమెను జడ్జి ముందు నిలబెట్టి హత్యాయత్నం అభియోగం చదవబోతున్నారు.

పది దాటాక వెరా కుబియాక్ జైలుకి వచ్చింది. ఆమె రాష్ట్ర నైతిక నియమాల కమిషన్లో ఇన్వెస్టిగేటరు. అంతకుముందు పోలీసు డిటెక్టివ్. శాసనసభ్యులు లాబీయిస్టుల దగ్గర ఏం పుచ్చుకున్నారో కనిపెట్టడం ఇప్పటి ఉద్యోగం. బాధితుడూ లాబీయిస్టే, నిందితురాలూ లాబీయిస్టే కాబట్టి ఆమెను లోపలికి పంపక తప్పలేదు.

కొలీన్‌కి ముప్ఫై నాలుగేళ్లు. రాత్రంతా నిద్రలేదని ముఖం చెబుతోంది.

“కాఫీ లెక్కలు అడగడానికొచ్చారా మేడమ్?” అంది.

“కాఫీ గురించే అడుగుతాను. సోమవారం ఆ గుడిసెలో తాగావా?”

కొలీన్ ఆమె వైపు అనుమానంగా చూసింది. “తాగాను. రెండుసార్లు పోయించుకున్నాను. గోర్డన్ కాఫీ తారులా ఉంటుంది. కానీ బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. వేడిగా ఏది పోసినా తాగుతాం.”

“కప్పు ఏం చేశావు?”

“బెంచీ కింద తొట్టి ఉంటుంది. అందులో పడేశాను.”

“ఎంతసేపున్నావు?”

“మూడుకి వెళ్లి నాలుక్కి వచ్చేశాను. అరుచుకున్నాం, నిజమే. పక్క గుడిసెలవాళ్లు విన్నారని ఆ డిటెక్టివ్ టెస్మర్ గారు నాకు పదిసార్లు చెప్పారు.”

“దేని గురించి అరుచుకున్నారు?”

కొలీన్ తలుపు వైపు చూసింది.

“చెప్పమ్మా.”

“చెప్తే ఈ ఊళ్లో నాకింక ఎవరూ పనివ్వరు.”

“చెప్పకపోతే రెండింటి తర్వాత నీకు పనితో పనుండదు.”

కొలీన్ చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. “జనవరిలో మా సంఘం అధ్యక్షుడు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఒక శాసనసభ్యుడికిస్తామని మాటిచ్చారు. ఎవరికో గోర్డన్ నాకు చెప్పలేదు. ఇసుక బిల్లు మీద ఓటింగు రేపు. రేపు ఓటేసేవాడికి ఇవాళ ఉద్యోగం ఇస్తామనడం నేరమే కదా మేడమ్?”

“నేరమే. ఇచ్చినవాడిదీ, ఒప్పుకున్నవాడిదీ.”

“అదే అన్నాను. వెనక్కి తీసుకోకపోతే నేనే బయటపెడతానన్నాను. మొదట ఎగిరాడు. చివరికి మెత్తబడ్డాడు. ‘సరే, అయిదింటికి ఆయనిక్కడికే వస్తున్నాడు, ఉద్యోగం లేదని చెప్పేస్తా’ అన్నాడు.”

“ఇది టెస్మర్‌కి చెప్పలేదా?”

“గోర్డన్‌ని కలవడానికి ఎవరో వస్తున్నారని చెప్పాను. పేరేంటన్నాడు. తెలీదన్నాను. నవ్వాడు. ఇంకోటి. గోర్డన్‌ని బెదిరించే ముందే నేను చెప్పేశాను. సోమవారం పొద్దున పదకొండింటికి మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. సాండో గారు మాట్లాడారు. మంగళవారం వచ్చి రాసివ్వమన్నారు. మంగళవారానికి నేనిక్కడున్నాను.”

మెరిట్ సాండో కమిషన్ డైరెక్టరు, వెరా పై అధికారి. అలాంటి ఫోన్ వచ్చినట్టు అతను ఆమెకు చెప్పలేదు.

కారెక్కి వెరా అతనికి ఫోన్ చేసింది.

“సోమవారం పొద్దున రాష్ అనే అమ్మాయి ఎవరైనా మీకు ఫోన్ చేసిందా?”

“లేదే,” అన్నాడు సాండో. “వెరా, అది షెరీఫ్ వాళ్ల కేసు. మనం వేలు పెట్టొద్దు. ఆఫీసుకొచ్చెయ్.”

“వస్తాను,” అని వెరా కారు సరస్సు వైపు తిప్పింది. కొలీన్, సాండో మాటల్లో ఒకటి అబద్ధం. ఏదో ఆమె అప్పటికింకా తేల్చుకోలేదు.

*

రోలీ టెస్మర్ గుడిసె గుమ్మంలో నిలబడి ఉన్నాడు. షెరీఫ్ ఆఫీసులో సీనియర్ డిటెక్టివ్. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసుల్లో చేరారు. వెరా కమిషన్‌కి మారిన రోజు నుంచీ అతను ఆమెను ఒకే పేరుతో పిలుస్తున్నాడు.

“రా కాఫీ పోలీసూ, రా. ఇక్కడెవరికైనా బిస్కెట్ ఎక్కువిచ్చారా?”

ఆ పేరుకి కారణం చట్టమే. ఆ రాష్ట్రంలో శాసనసభ్యుడు లాబీయిస్టు దగ్గర కప్పు కాఫీ కూడా పుచ్చుకోకూడదు.

“నీ కేసు చూడ్డానికొచ్చాను,” అంది వెరా.

“చూడ్డానికేముంది? పోట్లాట విన్నవాళ్లు ఇద్దరు. ఆ పిల్ల కారు మంచు మీంచి వెళ్లిపోవడం చూసినవాళ్లు ముగ్గురు. సాయంత్రం గాలికి అడుగుల గుర్తులు పోయాయి. లోపల రెండు కప్పులున్నాయి. ఒకటి అతనిది, ఒకటి ఆవిడది. ఇంకెవరూ లేరు. అయిపోయింది.”

వెరా లోపలికి వెళ్లింది. గుడిసె నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఒక మడత బల్ల, రెండు స్టూళ్లు. వాటి మధ్య మంచులో చేపలు పట్టే కన్నం మళ్లీ గడ్డకట్టింది. బల్ల మీద పళ్లెంలో బార్లు, ఖర్జూరం మిఠాయి ముక్కలు, ఆరు ఉన్నాయి. స్ట్రిబ్లీ స్టూలు వైపు ఖాళీ ఉంది, ఎదుటి స్టూలు వైపు వరస చెదరలేదు. రెండు కప్పుల్లో ఒకదానిలో సగం కాఫీ గడ్డకట్టింది. రెండోది నిండుగా గడ్డకట్టి అంచు పైకి ఉబ్బింది.

“ఇది ముట్టుకోలేదు,” అంది వెరా.

“కోపంలో ఉంది. తాగలేదు.”

వెరా వంగి బెంచీ కింద తొట్టి బయటికి లాగింది. అందులో ఇంకో కప్పు. అంచు మీద ఎర్రటి లిప్‌స్టిక్ మరక.

“కొలీన్ కప్పు ఇది. తాగేసి ఇందులో పడేసింది. బల్ల మీద నిండు కప్పు ఆవిడ వెళ్లాక వచ్చినవాడిది. మూడు కప్పులు రోలీ. నువ్వు రెండే లెక్కపెట్టావు.”

టెస్మర్ తొట్టిలోకి చూశాడు. “మళ్లీ పోసి ఉండొచ్చు. వేరే కప్పులో.”

“పోసి ఉండొచ్చు,” అంది వెరా. ఆమె అప్పటికే కన్నం వైపు చూస్తోంది. కన్నానికి ఒక పక్క నీలం ప్లాస్టిక్ బకెట్. దాని మీద స్ట్రిబ్లీ పేరుంది. ఇంకో పక్క పేరు లేని రేకు బకెట్. రెండింటిలోనూ ఎర చేపలు నీళ్లతో సహా గడ్డకట్టి ఉన్నాయి.

“రోలీ, నడక రాకముందు నుంచీ మీ నాన్నతో మంచు మీదకొచ్చేవాడివి కదా. ఒకరి గుడిసెకి ఇంకొకరు చేపలు పట్టడానికెళ్తే ఎర ఎవరు పెడతారు?”

“గుడిసె ఎవరిదో వాళ్లే. అదేం ప్రశ్న?”

“వచ్చినవాడు తన ఎర తను తెచ్చుకుంటే?”

“తెచ్చుకోడు. తెస్తే మొహం మీద కొట్టినట్టు. మా నాన్నయితే బకెట్‌తో సహా బయటికి గెంటేవాడు.”

అనేశాక టెస్మర్ రెండు బకెట్ల వైపూ చూశాడు. వంగి, చేతి తొడుగుతోనే రేకు బకెట్‌ని పట్టి లాగాడు. అది కదల్లేదు. ఒలికిన నీళ్లు దాని అడుగుని మంచుకి అతికించేశాయి. ఇంకోసారి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

“అందుకే వదిలేసి పోయాడు,” అంది వెరా. “ఫ్లాస్కు పట్టుకుపోయాడు. బల్ల మీద గుండ్రంగా గడ్డకట్టిన మరక చూడు, కప్పుకంటే వెడల్పు. బకెట్ మాత్రం రాలేదు.”

“వేలిముద్రలకి పంపిస్తాను.”

“ఎప్పటికొస్తాయి?”

“శుక్రవారం.”

“అభియోగం రెండింటికి.”

టెస్మర్ పిడిని కాగితం సంచిలో పెట్టాడు. ఇప్పుడతని గొంతులో వెక్కిరింత లేదు. “ఎవడు వీడు? కాఫీ తాగడు, బార్ తినడు, ఎర తీసుకోడు. ఈ చలిలో.”

“తీసుకోకూడనివాడు.”

“శాసనసభ్యుడా?” టెస్మర్ నవ్వాడు. “వాళ్ల గురించి నాకు చెప్పకు. నలుగురిలో అయితే రూలు. నాలుగు గోడల మధ్య ఎవడు చూడొచ్చాడు? స్ట్రిబ్లీ బ్రాందీ తాగని సభ్యుడు లేడని ఊరంతటికీ తెలుసు.”

“అందరూ తాగుతారు. ఎవరూ చూడకపోయినా తాగనివాడు ఒక్కడున్నాడు.”

టెస్మర్ ఆమె వైపు తిరిగాడు. “నీకు మతి పోయింది. సెనేటర్ హౌగెన్ గారా? ఆ రూలు రాసిందే ఆయన!”

“అందుకే.”

“నా కాఫీ నేనే తెచ్చుకుంటానని స్టీల్ ఫ్లాస్కు పోస్టరు మీదేసుకుని ఆరుసార్లు గెలిచాడు వెరా. ఆయన దగ్గరికెళ్లి, ‘అయ్యా, మీరు కాఫీ తాగలేదు గనక చంపబోయింది మీరే’ అంటావా? మీ డైరెక్టరు సాయంత్రానికి నీ కుర్చీ తీసేస్తాడు.”

“ఒక్క గంట నాతో రా. ఆయన నోటితో ఆయనే ఒప్పుకోకపోతే రెండింటికి నీ అభియోగం చదివించుకో. నేను నోరెత్తను.”

టెస్మర్ గుడిసె తలుపు మూసి సీలు వేశాడు. “నువ్వు నోరెత్తకుండా కూర్చోవడం చూడ్డానికైనా వస్తాను,” అన్నాడు.

*

సెనేటర్ వెండెల్ హౌగెన్ ఒంటిగంటకి వాళ్లను లోపలికి రమ్మన్నాడు. అరవై ఏడేళ్లు. సభలో ఇరవై నాలుగేళ్లు. ఇసుక బిల్లు చేతిలో పెట్టుకున్న కమిటీకి అధ్యక్షుడు. జనవరితో పదవీకాలం ముగుస్తుంది. మళ్లీ పోటీ చేయడం లేదు.

బల్ల మీద స్టీల్ ఫ్లాస్కు ఉంది. అతను ఎడమ చేత్తో మూత తిప్పి తన కప్పులో పోసుకున్నాడు. కుడి చేతి రెండు వేళ్లకు ప్లాస్టరు ఉంది.

“మీకు పోయను, ఏమనుకోకండి,” అన్నాడు. “నేను తీసుకోను, ఇవ్వను.”

“మాకు తెలుసు సెనేటర్ గారూ,” అంది వెరా. “వేళ్లకేమైంది?”

“ఇంట్లో పొయ్యి తగిలింది. విషయం చెప్పండి.”

“సోమవారం సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఇక్కడే. ఏడింటి దాకా సవరణలు చదువుతున్నాను.”

“టామరాక్ సరస్సుకి వెళ్లలేదా?”

“ఈ చలికాలం అటు వెళ్లనే లేదు. పాపం గోర్డన్. ఆ అమ్మాయి అంత పని చేస్తుందనుకోలేదు.”

టెస్మర్ గోడ గడియారం చూసి కుర్చీ వెనక్కి జరిపాడు. వెరా అతని వైపు చూడలేదు. బ్యాగులోంచి కమిషన్ నోటీసు ఒకటి తీసి బల్ల మీద పెట్టి, కలం మూత తీసింది.

“అయితే నా చిన్న పని కానిచ్చుకుని వెళ్తాను. సోమవారం సాయంత్రం ఒక శాసనసభ్యుడు స్ట్రిబ్లీ గుడిసెలో కూర్చున్నాడు. అతని ముందు కాఫీ ఉంది, బార్ల పళ్లెం ఉంది. కన్నం పక్కన ఎర బకెట్ ఉంది. లాబీయిస్టు కాఫీ, లాబీయిస్టు తిండి, లాబీయిస్టు ఎర. మూడు ఉల్లంఘనలు. రేపు ఓటింగుకి ముందే కమిషన్‌లో పెడతాను. సభ్యుడి పేరు దగ్గర మీ పేరు రాస్తున్నాను.”

“నేను లేనని చెప్పాను కదండీ.”

“చెప్పారు. అదీ రాస్తాను. పేపర్లవాళ్లు రెండూ వేస్తారు. రూలు రాసిన హౌగెన్ లాబీయిస్టు కాఫీ తాగాడని పైన. తాగలేదంటున్నాడని కింద.”

“ఇరవై నాలుగేళ్లలో నాకొక్క నోటీసు రాలేదు.”

“ఇదే మొదటిది.”

“కప్పు కాఫీకా?”

“కప్పు కాఫీకే. కప్పుకి లొంగినవాడు పీపాకీ లొంగుతాడని మీరే సభలో అన్నారు. ఆ రోజు నేను గ్యాలరీలో ఉన్నాను.”

హౌగెన్ మెడ ఎర్రబడింది. వెరా రాస్తూనే ఉంది. టెస్మర్ లేచి తలుపు దాకా వెళ్లాడు.

“ఎదురుగా పోసినంత మాత్రాన తాగినట్టా?” అన్నాడు హౌగెన్.

తలుపు పిడి మీద టెస్మర్ చెయ్యి ఆగింది.

“బయట సున్నాకి ఇరవై కింద సెనేటర్ గారూ. వేడి కాఫీ ముందుంటే తాగలేదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. తాగినవాడు బార్ కూడా తిన్నాడంటారు. ఎలాగూ కూర్చున్నాడు గనక, వాళ్ల ఎరతోనే నాలుగు చేపలూ పట్టుకున్నాడంటా–”

“నా ఎర నేనే తెచ్చుకున్నాను!” హౌగెన్ లేచాడు. “నా బకెట్! నా జేబులో డబ్బుతో కొన్న ఎర! కాఫీ వద్దని చెప్పాను, చెప్పినా పోశాడు, ముట్టుకోలేదు. నా ఫ్లాస్కులోది తాగాను. ఆ బార్ల వైపు చూడను కూడా లేదు. ఎవడంటాడు నేను తిన్నానని? ఎవడు–”

అక్కడ ఆగిపోయాడు.

వెరా కలానికి మూత పెట్టింది. “నేను ఒక బకెట్ అన్నాను సెనేటర్ గారూ. రెండోది మీరు చెప్పారు.”

టెస్మర్ తలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చి, తను వదిలిన కుర్చీలోనే కూర్చున్నాడు. “ఈ చలికాలం అటు వెళ్లనే లేదన్నారు,” అన్నాడు. తర్వాత చట్టప్రకారం చెప్పాల్సింది చెప్పాడు: మాట్లాడకుండా ఉండే హక్కుంది, లాయరును పిలుచుకునే హక్కుంది.

హౌగెన్ కూర్చున్నాడు. లాయరును అడగలేదు. వెరా బల్ల మీది నోటీసు తీసి రెండుగా చింపింది. అతను ఆ కాగితం ముక్కల వైపే చూస్తున్నాడు.

“ఎన్నింటికి బయల్దేరారు అక్కణ్నుంచి?” అన్నాడు టెస్మర్.

“ఆరింటికి. అప్పటికతను బాగానే ఉన్నాడు.”

“కొలీన్ రాష్ నాలుక్కే వెళ్లిపోయింది. గుడిసెలోంచి చివరగా వచ్చింది మీరు. ఆ ప్లాస్టరు తీసి చూపిస్తారా? మీ ఇంట్లో పొయ్యి ఏ రకమో మనిషిని పంపి కనుక్కుంటాను.”

“కరెంటు పొయ్యి,” అన్నాడు హౌగెన్ చాలా నెమ్మదిగా.

“కరెంటు పొయ్యి ఆవిరి కొట్టదు. కాలే గొట్టంలో మంచు కూరితే కొడుతుంది.”

హౌగెన్ కుడి చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు.

“ఉద్యోగం లేదన్నాడు కదూ?” అంది వెరా.

“అంతేనా? పొద్దున్నే మీ దగ్గరికొచ్చి అంతా చెప్పేస్తానన్నాడు. నా పేరుతో సహా.” హౌగెన్ ఆమె వైపు తిరిగాడు. “మీరు చెప్పండి వెరా. మీరు రికార్డు చూశారు. ఒక్క సెంటు తీసుకున్నానా నేను? ఎవరి దగ్గరైనా?”

“సంఘం అధ్యక్ష పదవి?”

“అది జనవరి తర్వాత! అప్పటికి నేను సభ్యుణ్ని కాను. మాట ఇచ్చారు, అంతే. మాట బహుమతి కాదు.”

“మీ చట్టంలో అది కూడా ఉంది సెనేటర్ గారూ. నాలుగో పేజీ.”

“ఆ పిల్ల మీవాళ్లకి ఫోన్ చేసిందని సోమవారం మధ్యాహ్నమే నాకు తెలిసింది. అయినా వెళ్లాను. గోర్డన్‌తో మాట్లాడి సర్దేద్దామని–” అతను మాట మింగేశాడు. “లాయరును పిలవండి.”

టెస్మర్ జిల్లా ప్రాసిక్యూటరుకి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పి, అవతలి నుంచి వచ్చిన అరుపులన్నీ విని, “లేదు సార్, కప్పులు నేనే తప్పు లెక్కపెట్టాను,” అన్నాడు.

రెండింటికి జడ్జి ముందు కొలీన్ రాష్ మీద ఏ అభియోగమూ చదవలేదు. రెండూ ఐదుకి జైలువాళ్లు ఆమె కోటు, కారు తాళం ఆమె చేతిలో పెట్టారు. ఆమె జైలు మెట్ల మీంచే వెరాకి ఫోన్ చేసింది.

“మేడమ్, ఏం చేశారు?”

“నోటీసు రాశాను. ఇంటికెళ్లి పడుకో. రేపు మా ఆఫీసుకి రా. ఈసారి నా దగ్గరికే రా.”

“ఎవరు మేడమ్ అతను?”

వెరా చెప్పింది. అవతల నవ్వు వినిపించింది, మధ్యలో ఏడుపు కూడా.

హౌగెన్‌ని ఇద్దరు డిప్యూటీలు లిఫ్టులో తీసుకెళ్లారు. సభ్యులు గదుల తలుపులు తీసి చూశారు. ఒక్కరూ పలకరించలేదు. టెస్మర్ కారిడార్ చివర కాఫీ మిషన్ దగ్గరికి వెళ్లి రెండు కాఫీలతో తిరిగొచ్చాడు.

“తీసుకో. నువ్వు సభ్యురాలివి కాదు, నేను లాబీయిస్టుని కాను.”

“పంచదార వేశావా?”

“అది నీ డబ్బులతో వేసుకో.”

వెరా నవ్వి కప్పు అందుకుంది. ఇద్దరూ కిటికీ గట్టు మీద కూర్చున్నారు. టెస్మర్ సగం తాగాక అన్నాడు: “ఇన్నేళ్లూ నిన్ను కాఫీ పోలీసు అన్నాను.”

“అంటూనే ఉండు. ఇవాళ్టి నుంచి బాగుంటుంది వినడానికి.”

“ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. స్ట్రిబ్లీ కళ్లు తెరిచాడట. ఇంకా మాట్లాడలేదు.” అతను కోటు జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో హౌగెన్ ఫోను ఉంది. “ఒక్కటి అర్థం కాలేదు వెరా. ఆ పిల్ల ఫోన్ చేసింది మీ ఆఫీసుకి. మధ్యాహ్నానికల్లా ఈయనకెలా తెలిసింది? ఆ ఫోన్‌లో మాట్లాడిందెవరు?”

వెరా కప్పు పక్కన పెట్టింది.

సంచిలో ఫోను మోగింది. టెస్మర్ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరూ తెర చూశారు. సమయం రెండూ పద్దెనిమిది. పిలుస్తున్న మనిషి పేరు మెరిట్ సాండో.